సాక్ష్యం చెప్పి మాత్రలు మానేశాను

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం పొద్దున, జాకెట్టు గుడ్డ కత్తిరిద్దామని కూర్చుంటే కత్తెర నా వేలికి ఎక్కలేదు. వేళ్లన్నీ ఉబ్బి ఉన్నాయి. మట్టెవాడలో మా ఇంట్లోనే బట్టలు కుట్టేదాన్ని. పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి బుగ్గలమీద ఎర్ర మచ్చలు, రోజూ జ్వరం.

హనుమకొండ దవాఖానలో డాక్టరమ్మ ఎల్.ఇ. సెల్ టెస్ట్ అనే నెత్తురు పరీక్ష చేయించింది. "లూపస్ అమ్మా. నెత్తుర్ల కావలి కాసే కణాలే నీమీదికి తిరిగినయ్," అంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే పీకినట్టన్నమాట.

"వాటికి బుద్ధి చెప్పే మందు లేదా మేడం?" అని మా ఆయన అడిగాడు.

"మనోళ్లెవరో పైవాళ్లెవరో వాటికి మళ్ల నేర్పే మందు ఇంకా రాలే. ఎప్పటికన్నా వస్తదేమో. అప్పటిదాంక స్టెరాయిడ్‌తోని అణచిపెట్టుడే. కిడ్నీల మీద పడితే కష్టం. నన్నడగకుండ మాత్రలు ఆపొద్దు."

ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ మాత్రలతో రెండు నెలల్లో లేచి తిరిగాను. మందు వాపుతో మొహం గుమ్మడికాయలా అయింది. అది చూసి చర్చిలో ఆడవాళ్లు ఒళ్లు చేశానని మురిసిపోయారు. నాకోసం ఉపవాస ప్రార్థనలు చేసింది వాళ్లే. ఒక ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే లేచి, ఆయన నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పాను.

బయట మేరమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. కేసముద్రం నుంచి వచ్చే ఆమెది కూడా ఇదే జబ్బు, ఇవే మాత్రలు. "ఇంక మాత్రలు ఏసుకుంటున్నవా చెల్లె?" అని అడిగింది.

పొద్దున్నే మాత్ర మింగి వచ్చిన నేను, "దేవుడే బాగుచేసిండక్కా," అన్నాను.

ఆ మాట అన్నాక మళ్లీ మాత్ర నోట్లో వేసుకోవడానికి సిగ్గేసింది. సంఘం ముందు అబద్ధమాడినట్టవుతుందని ఆ రోజే మానేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజుకు వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం. తర్వాత కాళ్లు వాచి, మూత్రం నురగ కట్టింది. మా ఆయన దవాఖానలో చేర్చాడు, డాక్టరమ్మ రిపోర్టు చూసింది. మా ఆయనతో, "కిడ్నీల మీద పడ్డది. ఈ వారం గడవాలె," అంది. ఆ వారమంతా చచ్చిపోతానని భయపడుతూనే ఉన్నాను.

గడిచింది. వార్డు నుంచి ఇంటికొచ్చాకే మా ఆయన చెప్పాడు: మేరమ్మక్క కూడా నా సాక్ష్యం విన్న మర్నాడే మాత్రలు మానేసిందట. ఆమెను దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం పోయింది.

ఇప్పుడు నాకు రోజూ ఒక మాత్ర, మూడు నెలలకోసారి యూరిన్ టెస్ట్. ఇది చదివే రోగులకు ఒక్కటే చెబుతాను. స్టెరాయిడ్ మీ అంతట మీరు ఆపకండి. బాగైందని నలుగురిలో చెబితే, మాత్ర మింగుతున్నామని కూడా చెప్పండి. మేరమ్మక్క నన్ను అడిగింది ఆ ఒక్కమాటే.