సముద్రంలో నేను విదిలించిన చెయ్యి

పోయిన ఏడాది మాఘ పౌర్ణమి, బుధవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రంలో, నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. జరిగింది అప్పుడే.

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. నాకు అరవై ఆరేళ్లు. పిడుగు పడి చచ్చిన ఎడ్లను చూశాను, పీనుగులకు స్నానం చేయించాను. దయ్యాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే దవాఖానకు తీసుకుపొమ్మని ముఖం మీదే చెప్పేదాన్ని. యాభై ఏడో ఏట సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నేనే రాస్తున్నాను. ఇంకొకరికి చెప్పి రాయిస్తే ఏదో ఒకటి కలుపుతారు.

మాది తొర్రూరు పక్క పల్లె. మేం నాట్లు వేసే ఆడవాళ్లం ఒక గుంపు. నాటు వరుసలో ఎవరి చోటు వాళ్లదే. ముప్పై ఏళ్లుగా ఎడమ చివర, గట్టు పక్క చోటు మా తోటికోడలు ఎల్లవ్వది. ఆమె పక్కన నేను. ఎవరైనా రాని రోజు ఆ చోటులోకి ఇంకొకరు జరగరు. పక్కన ఉన్న మనిషే ఆ వంతు కూడా నాటాలి. ఎల్లవ్వ వంతు నేను నాటేదాన్ని, నా వంతు ఆమె నాటేది.

సముద్రం చూడాలన్నది ఎల్లవ్వ కోరిక. ఏటా చలికాలంలో యాసంగి నాట్లు అయిపోగానే అడిగేది. ఏటా నేనే అడ్డం పడేదాన్ని. ఒకసారి మిరపకాయ ఏరాలన్నాను, ఒకసారి మనవరాలి పురుడన్నాను. గుంపులో నా మాటే చెల్లేది. చివరికి నేను సరే అన్నాక, దసరా ముందు, ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

ఈ ఏడు ఆపుదామని గుంపులో పెద్దది సోమక్క అంది. మనం ఆగితే ఆమె లేచి నడుస్తుందా అని అడిగాను.

బయలుదేరే ముందు ఎల్లవ్వ మంచం దగ్గరికి వెళ్లాను. రాలేని వాళ్ల పేరు మీద వెళ్లినవాళ్లు ఒక మునక వేయడం మాకు అలవాటు. కాళేశ్వరం పోయినా అంతే. వాళ్ల పేరు పైకి చెప్పి మునగాలి.

"నా పేరు మీద ఒక్కసారి మునుగు అక్క," అంది ఎల్లవ్వ. మూతి ఒక పక్కకు పోయినా నవ్వింది. "పేరు గట్టిగ చెప్పు. నీళ్ల మోతల ఇనబడాలె గద."

"ఒక్కసారేంది, మూడుసార్లు మునుగుత. నువ్వు పండుకో," అన్నాను.

ఆరుగురం మహబూబాబాద్‌లో రైలెక్కి తెల్లవారి బాపట్లలో దిగాం. అక్కడి నుంచి ఆటో. దాచడమెందుకు, అంత సంబరం నా జన్మలో పడలేదు. మా పక్క తండా నుంచి నాట్లకు వచ్చే ద్వాలి, నీళ్లు ఉప్పగా ఉంటాయంటే నమ్మక దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. సోమక్క గుర్రం ఎక్కింది. ఎక్కిన మరుక్షణం నుంచి దించమని గుర్రమాయన్ను బతిమాలింది. గవ్వలు ఏరాం. వేడివేడి చేపలు తిన్నాం. చేపలు వేయించే ఆవిడ మా మాట విని, సినిమాలో లాగా మాట్లాడుతున్నారే అని నవ్వింది.

"మేం గాదమ్మా, సినిమావోళ్లే మా లెక్క మాట్లాడుతున్రు," అంది మా గుంపులోని రహీంబీ. "మమ్ముల ఒక్క మాట గూడ అడగలే."

ఆవిడ నవ్వుకుంటూ ఇంకో రెండు ముక్కలు వేసింది.

తర్వాత నీళ్లలోకి దిగాం. ఎవరూ చెప్పకుండానే నాటు వరుసలోనే నిలబడ్డాం. చేతులు పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా ఎగరడం. రహీంబీ నీళ్లకు భయపడి ఒడ్డునే ఉండి ఫోన్‌లో ఫోటోలు తీస్తోంది. నా కుడి చెయ్యి సోమక్క చేతిలో ఉంది. ఎడమ పక్క ఎవరూ లేరు.

అప్పుడు ఎవరో నా ఎడమ చెయ్యి పట్టుకున్నారు. గట్టి చెయ్యి. బొటనవేలి గోరు చీలి గరుకుగా తగిలింది. నాట్లు వేసేవాళ్లకు చాలామందికి గోళ్లు అలాగే ఉంటాయి. రహీంబీ ధైర్యం చేసి దిగిందనుకున్నాను. అల మీదే చూపు పెట్టి ఉన్నాను కాబట్టి తల తిప్పలేదు. ఒక అలకు ఎగిరాం. ఇంకో అలకు ఎగిరాం. పట్టు బిగిసింది. గాజులు ఒత్తుకుని నొప్పి పుట్టింది.

"ఇడువు, ఏంది గా పట్టు," అని విదిలించేశాను.

తిరిగి చూస్తే నీళ్లే. రహీంబీ ఒడ్డున ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

ఏదో నాచు చుట్టుకుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తల తుడుచుకుని, బట్టలు మార్చుకుని మధ్యాహ్నం రైలెక్కాం. విజయవాడ దాటాక గుర్తొచ్చింది. ఎల్లవ్వ పేరు మీద మునగలేదు. ఒక్కసారి కూడా.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. నేను కూర్చోకముందే అడిగింది.

"మునిగినవా అక్క?"

"మునిగిన. మూడుసార్లు."

నా ఎడమ చెయ్యి వైపు చూసింది.

"మరి చెయ్యెందుకు ఇడిచినవ్?"

ఎల్లవ్వ కోడలు సుజాత పక్కనే ఉంది. నిన్న కూడా ఇదే మాట అందని చెప్పింది. పదకొండు గంటలకు వేయాల్సిన గోలీ కొంచెం ఆలస్యమై, తెచ్చి లేపబోతుంటే ఎల్లవ్వ తనంతట తానే ఉలిక్కిపడి లేచి, అక్క చెయ్యి ఇడిచింది అందట. నాలుగు నెలలుగా కదలని కుడి చెయ్యి మంచం పట్టె దాటి బయటికి చాచి ఉందట.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. మరిచిపోయాను, తప్పయింది అంటే సరిపోయేది. నా నోరు దానికి రాలేదు. "కల పడ్డది నీకు. గోలీ ఏసుకో," అన్నాను. ఎల్లవ్వ గోడ వైపు తిరిగింది.

నెల తిరక్కుండానే పోయింది. ఆ నెలంతా రోజూ వెళ్లి కూర్చున్నాను. వానల గురించి, కోళ్ల గురించి, మనవళ్ల గురించి మాట్లాడింది. సముద్రం ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రోజూ గడప దాటేటప్పుడు రేపు చెబుదామనుకునేదాన్ని.

రహీంబీ తీసిన ఫోటో ఒకటి ఉంది. దాని మీద పదకొండు గంటల పది నిమిషాలు అని పడింది. ఐదుగురం వరుసలో ఉన్నాం. నా ఎడమ చెయ్యి పక్కకు చాచి ఉంది. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. నీళ్లలో తూలకుండా చెయ్యి చాచి ఉంటావని మా మనవరాలు అంది. అయి ఉండొచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లు ఏవేవో అంటుంటారని డాక్టరు అన్నాడు. అదీ అయి ఉండొచ్చు. కానీ నేను ఎవరికీ చెప్పని మాట మంచంలో ఉన్న మనిషికి ఎలా తెలిసిందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

ఆ రోజు సూర్యలంకలో ఉన్నవాళ్ల పేర్లు రాస్తున్నాను. అనుమానం ఉన్నవాళ్లు అడగొచ్చు. రహీంబీ, సోమక్క, ద్వాలి, కౌసల్య, వెంకటమ్మ, నేను మల్లమ్మ. ఎల్లవ్వ ఉందని రాయలేను. లేదనీ రాయలేను.