గోడమీద పెరిగిన గీతలు

పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే కొత్త యంత్రాన్ని నిజామాబాద్‌లో తయారుచేసింది నేనే. అంటే, ఇనుము కోసి, వెల్డింగ్ చేసి, చేతులు కాల్చుకున్నది మా మేనల్లుడు. మెదడు నాది. సరే, మెదడూ వాడిదే. బోధన్ రోడ్డులోని వాడి షెడ్డులో నేను కుర్చీ వేసుకుని, గోడమీద సుద్దతో గీతలు గీసేవాణ్ణి.

వాటిని తక్కువగా చూడకండి. యంత్రం ఆగకుండా ఎంతసేపు తిరిగితే గీత అంత పొడుగు. మొదటిది మీసమంత, గొలుసు తెగింది. వాడు అతికాడు. రెండోది జానెడు, బేరింగ్ పట్టేసింది. మార్చాడు. పది మరమ్మతులయ్యేసరికి గీత మూరెడు దాటింది. ఈ లెక్కన శుక్రవారానికి పూటంతా నడుస్తుందని ప్రకటించాను.

"పక్కానా మామా? గీ సీజన్ల ఒక్కటన్న అమ్మకపోతే నేను మళ్ల దుబాయ్ పోవుడే."

"గోడ అబద్ధమాడదురా. కొనేటోళ్లను పిలువు."

కమ్మర్‌పల్లి నుంచి పసుపు పండించే ఒకామె, తన పంటే రెండు బస్తాలు ఆటోలో వేసుకుని వచ్చింది. ఉడికించి ఎండబెట్టినా మట్టీ వేర్లూ వదలని కొమ్ములు. డ్రమ్ములో పోశాం. చాయ్ గ్లాసు ఆమె నోటిదాకా పోకముందే గొలుసు ఠప్పుమంది.

"గింతేనా? మరి గోడమీద గీతలేంది, ముగ్గా?"

"నీ పసుపే మొండిదమ్మా," అన్నాను.

ఆమె మూలనున్న మా పసుపు బస్తాలో చెయ్యి పెట్టింది. "గిది అద్దం లెక్క మెరుస్తుంది. ఎన్నిసార్లు పోసిండ్రు?"

మేనల్లుడు నావైపు చూశాడు. ఒప్పుకోక తప్పలేదు. కొత్త బస్తా దండగని ప్రతిసారీ అదే పసుపు పోయించింది నేనే. కొమ్ములు నున్నబడేకొద్దీ డ్రమ్ముకు పని తగ్గింది. యంత్రం కొంచెం బాగుపడింది, పసుపు చాలా బాగుపడింది.

ఆమె చాయ్ ఒలికేలా నవ్వింది. "తమ్మీ, మిషన్ మా కల్లానికి తే. తెగితే అతుకు. కుప్పంత అయితే నేనే కొంట. గీ గీతల కాకను మాత్రం ముట్టనియ్యకు."

కుప్ప సగమయ్యేసరికి గొలుసు మూడుసార్లు తెగింది. వాడు విసుగొచ్చి లావు గొలుసు వేశాడు. మిగతా సగం ఏకబిగిన అయిపోయింది. ఆమె యంత్రాన్ని తిరిగి పోనివ్వలేదు.

వాడు కల్లంలోంచే వాళ్లమ్మకు, అదే మా చెల్లెలికి, ఫోన్ చేశాడు. "అవ్వా, దుబాయ్ పోతలేనే!"

మామ వల్లనేనా అని అవతల ఆమె అడిగినట్టుంది. వాడు చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.