గుడారం మీద సొరపాదు

ఆ రోజుల్లో అంటే రాజుల కాలమేమీ కాదు. నాకు ఉద్యోగం వచ్చి, మీసం ఇంకా సరిగా రాని రోజులు. లోకాన్ని మార్చాలన్న కోరిక ఆ వయసులో అందరికీ ఉంటుంది గానీ, నాకు మాత్రం జీతమిచ్చి మరీ కోసిగి పక్కనున్న ఒక ఊరిని పచ్చగా మార్చమన్నారు. (వాన సంగతి ఎవరికి అప్పగించారో చెప్పలేదు.) మా సంస్థ పద్ధతి తేలిక. కొందరు ఆడవాళ్లకు నేను పెరటి తోట పని నేర్పాలి, వాళ్లు వాలంటీర్లై ఇరుగుపొరుగుకు నేర్పాలి. పాత నీళ్ల సీసాకు చిల్లు పెట్టి మొక్క పక్కన బోర్లా పాతితే తడి నిదానంగా దిగుతుందని నేను గంభీరంగా బోధించేవాణ్ణి. అది నాకూ ముందురోజే తెలిసింది. వాలంటీర్లలో పెద్దదిక్కు సొరకాయక్క. కొంగుముడిలో ఎప్పుడూ సొరవిత్తనాలు ఉంటాయని ఊరు పెట్టిన పేరది. నలుగురు కనిపిస్తే చాలు, పాఠం మొదలుపెట్టేది. "ఏడ్చింది చాలు గానీ, గిన్నెలు కడిగిన నీళ్లు యాడ పోస్తాండావమ్మా?" అని ఓ చావింట్లో అడగడం నేను స్వయంగా విన్నాను.

ఆ ఏడు పంటలు ఎండిపోయి, ఊరు ఊరంతా సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే మా సూపర్‌వైజరు తనిఖీకి వచ్చాడు. కడప మనిషి, ఫోటోలో లేనిది భూమ్మీద లేదని నమ్మేవాడు కాబట్టి మేము ఫోటోసారు అనుకునేవాళ్లం. వీధి పొడవునా తాళాలు చూసి, "తోటపని తాళాలకు నేర్పినావా అబ్బీ?" అన్నాడు. వాలంటీరన్నాక సొంత ఊళ్లోనే నేర్పాలట, అది రూలట. అందరి పేర్లూ కొట్టేసి, వానాకాలానికి వాళ్లకు రావలసిన విత్తనాలు, నీడవలలు వేరే ఊరికి ఇచ్చేస్తానన్నాడు. పేర్లు కొట్టెయ్యమని కలం నా చేతికే ఇచ్చాడు. "నేను కొట్టెయ్యను సార్. వాళ్లను చూసినాక మీరే కొట్టెయ్యండి" అన్నాను. జీవితంలో అదే నా మొదటి తిరుగుబాటు. (గొంతు మాత్రం నాతో కలిసి రాలేదు.) నా అదృష్టం కొద్దీ ఆ వారమే ఆయనకు గుంటూరులో బంధువుల పెళ్లి ఉంది, చూద్దాం రమ్మన్నాడు.

ఆయన పేర్లు కొట్టేస్తే నేనూ ఉద్యోగం మానేద్దామని, బస్సులో దారి పొడవునా రాజీనామా ప్రసంగం తయారుచేసుకున్నాను. పేదలు, మట్టి, ఆత్మగౌరవం, అన్నీ సరైన చోట కుదిరాయి. పెళ్లి భోజనం కాగానే సారు పట్టుపంచెతోనే నా వెంట మిరప చేలోకి వచ్చి, ఘాటుకు తుమ్ముతూ నిలబడ్డాడు. చేను గట్టున వరసగా గుడారాలు. ఒక్కోదాని ముందు పాత ఎరువుల సంచుల్లో తోటకూర, పక్కనే బోర్లా పాతిన సీసాలు. సొరకాయక్క గుడారం మీదికి తీగ పాకి తెల్లగా పూసింది. అక్క కోడుమూరు నుంచి వచ్చిన కూలీలను చుట్టూ కూర్చోబెట్టుకుని సీసాకు చిల్లు పెట్టి చూపిస్తోంది.

సారు ముక్కు తుడుచుకుని రూలు చెప్పాడు. అక్క తల కూడా ఎత్తలేదు.

"ఊరంతా ఈడే ఉండాది గదప్పా. ఆడ మా అత్తా, నాలుగు కుక్కలూ ఉండాయి. అత్త మాట వినదు. కుక్కలకు నేర్పమంటావా?"

"అది కాదమ్మా, రూలు..."

"పేరు కొట్టేసుకో పో. కొట్టేస్తే నా నోరు పడిపోతాదా? మళ్లా సుగ్గికి వచ్చినా నేర్పుతా. ముందు కూర్చోని రొట్టె తిను, ముక్కు కారతాండాది."

నేను ప్రసంగానికి గొంతు సవరించుకున్నాను. కానీ సారు అప్పటికే జొన్నరొట్టెలో తోటకూర పప్పు అద్దుకుంటున్నాడు. తింటున్న మనిషికి రాజీనామా ఎలా ఇస్తాం? రెండో రొట్టె అయ్యాక ఆయన మెల్లగా, "ఫోటో తీస్తా. సంస్థ బ్యానరు యాడుంది?" అన్నాడు.

అక్క పైకి చూపించింది. 'ఇంటింటా పెరటి తోట' అన్న మా బ్యానరు, ఇల్లూ పెరడూ లేని ఆ గుడారానికి కప్పుగా ఉంది.

"దాన్ని తీస్తే లోపల పిల్లోళ్లకు ఎండ తగుల్తాది. ఫోటో కావల్లంటే నువ్వే పైకెక్కు."

పట్టుపంచె ఎగ్గట్టి సారు గట్టు పక్కనున్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కి ఫోటో తీశాడు. ఆఫీసులో ఆ ఫోటో చూసి ఇది ఏ ఊరని పెద్దలు అడిగితే, "కోసిగి పక్కదే సార్. కాస్త జరిగింది, అంతే" అన్నాడు. తొలకరికి విత్తనాలూ నీడవలలూ అక్కవాళ్ల ఊళ్లోకే వచ్చాయి.

ఇప్పుడు నేనూ సూపర్‌వైజరునే. మీసం కూడా వచ్చింది. మొన్న కోడుమూరు వైపు ఒక శిక్షణకు వెళ్లి, బండి దిగుతూనే అక్కడి వాలంటీరుతో నేను అన్న మొదటి మాట, "బ్యానరు యాడమ్మా?"

"గొర్రెపిల్లల మీద కప్పినాం సార్. ఎండ శానా ఉండాది."

వెనకటి రాజీనామా ప్రసంగాన్ని గుర్తుచేసుకోవాలని చూశాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఫోను జేబులో పెట్టేసి, గొర్రెపిల్లల పక్కనే ఆ బ్యానరు నీడలో కాస్త జాగా చూసుకుని కూర్చున్నాను.