రెండేళ్ల పిల్ల నిలబడని క్యూ

మొన్న ఆదివారం, ఈ పరాయి దేశంలో మేముండే పెండిల్ హిల్‌లో దోసెల కోసం నిలబడి ఉంటే, నా ముందున్న కుర్రాడు ఫోనులో ఎవరితోనో, "వీసా లేనోళ్ల మీద జాలేంటి బ్రో, మనం క్యూలో రాలేదా?" అన్నాడు. మా అబ్బాయి ఈడువాడు. నాకు ఆకలి చచ్చిపోయింది. పాతికేళ్ల కిందట ఇదే ఊళ్లో, బార్బెక్యూ పొయ్యి చుట్టూ చేరిన మావాళ్లు సరిగ్గా ఈ మాటే అన్నారు. అప్పుడు పుట్టిన మంట ఇంకా చల్లారలేదు.

అవి వైటూకే రోజులు. అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటే చాలు, దేశాలు పిలిచి పీట వేసేవి. మా ఆయనా నేనూ అలా వచ్చిపడ్డవాళ్లమే. సూట్‌కేసులో సగం కోబాల్ పుస్తకాలు, సగం ఆవకాయ. నూనె కారి దేన్ని తడిపిందో చెప్పనక్కర్లేదు. పక్క వాటాలో, మాకంటే చాలా ముందు కడప నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉండిపోయిన కుటుంబం ఉండేది. మాంసం కొట్టులో పనిచేసే ఆయన్ని భాయ్ అనేదాన్ని, ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. వాళ్లమ్మాయి రెండేళ్లప్పుడు తల్లి చంకనెక్కి వచ్చింది. తెలుగు అర్థమయ్యేది కానీ జవాబు ఇంగ్లిషులోనే. సోమవారం మీటింగులో చెప్పాల్సింది ఆదివారమే ఆ పిల్ల ముందు అప్పజెప్పుకునేదాన్ని. "టూ మెనీ సర్స్, ఆంటీ" అని నవ్వేది. ఆ పిల్ల తమ్ముడు ఇక్కడే పుట్టాడు. ఇక్కడ పుట్టి పదేళ్లు పెరిగినవాడికి పౌరసత్వం దానంతటదే వస్తుంది. ఆ పిల్ల కడప ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి రాదు. ఒకే కంచంలో తిని పెరిగిన ఇద్దరికి రెండు చట్టాలు. ఇది రాసినవాళ్లకు పిల్లలున్నారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

అన్నేళ్లూ భాయ్ బస్సు డ్రైవరుతో కూడా గొంతు పెంచకుండా బతికాడు. ఇంట్లో ఫోటో తీసినా కిటికీ కర్టెన్ వేసేవాడు. అలాంటి మనిషి, పదకొండో క్లాసులో కూతురు లెక్కల పోటీలో రాష్ట్రానికంతా ఫస్టు వచ్చేసరికి, ఆమె ఫోటో తనే పట్టుకెళ్లి లోకల్ పేపర్లో వేయించాడు. ర్యాంకు వస్తే పేపర్లో ఫోటో పడాలి. అది మనవాళ్ల రక్తంలో ఉంది. అక్క తల పట్టుకుంటే, "బిడ్డ ఫస్టొచ్చినాక గమ్మునుండేది ఎట్లమే? మన కడపలో అయితే ఈదంతా జూసుండరా?" అన్నాడు.

వీధంతా చూసింది. కొన్ని వారాలకు ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లూ వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. పిల్లనైనా ఉండనివ్వమని స్కూలు టీచర్లు అడిగారు. రూలు రూలే అన్నారు ఆఫీసర్లు. వాళ్ల కోసం సంతకాలు అడుగుతూ తిరిగిన నాతో మావాళ్లన్న మాటే ఈ క్యూ మాట. రెండేళ్ల పిల్ల ఏ క్యూలో నిలబడాలని అడిగాను. ఒకాయన మాంసం ముక్క తిరగేస్తూ, "సిస్టర్, మన పీఆర్ వీసాకి ప్రాబ్లం అవుతుంది" అన్నాడు. ఆ మనిషి ఇంటికి మళ్లీ వెళ్లలేదు.

వెళ్లే రోజు అక్క నా చేతులు పట్టుకుని, "ఈ పిల్లకు ఆడ ఏం దెలుసుమ్మా? అది చూసిన ఊరు ఇదొక్కటే" అంది. ఆ పిల్ల ఏడవలేదు. "ఐ కాంట్ ఈవెన్ రీడ్ తెలుగు, ఆంటీ. విచ్ క్లాస్ విల్ దే పుట్ మీ ఇన్?" అని అడిగింది.

తమ్ముడు పెద్దయ్యాక తన పాస్‌పోర్టుతో దర్జాగా తిరిగొచ్చాడు. ఆ పిల్ల కడపలో స్పోకెన్ ఇంగ్లిషు చెబుతోందట. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు వీసాలు తెచ్చుకుని ఇక్కడ దిగుతున్నారట. రెండు వేల సంవత్సరాన్ని సున్నా అని చదివే కంప్యూటర్లను దిద్దడానికి మమ్మల్ని సముద్రాలు దాటించి మరీ తెచ్చుకున్నారు. ఆ పిల్ల ఇక్కడ పెరిగిన పదిహేనేళ్లను సున్నా అని చదివిన మనుషులను దిద్దమని మాత్రం ఎవరూ ఎవర్నీ పిలవలేదు.