అమ్మకానికి పెట్టిన తోటలో మా కాపురం

పెళ్ళయిన ఏడాదికి మా బావా నేనూ అమ్మకానికున్న ఒక ఇల్లు చూశాం. దాన్ని మేము కొనలేమని ఇద్దరికీ తెలుసు.

అవి పందొమ్మిదివందల యాభైల చివరి రోజులు. మా బావ అంటే మా మేనత్త కొడుకే, నా భర్త. తమిళనాట రాజపాళయంలో నూలుమిల్లులో ఫిట్టరుగా పనిచేసేవాడు. ఊరి నడుమ అత్తగారింట్లో అందరం కలిసి ఉండేవాళ్ళం. అందరూ మంచివాళ్ళే, ఇల్లు మాత్రం చాలేది కాదు. షిఫ్టు ముగించుకుని వచ్చిన మనిషికి అన్నం వడ్డిస్తుంటే పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. "కూర బాగుందా" అని అడగడానికి కూడా నాకు సిగ్గే. అందుకని మిల్లు సెలవునాడు ఇద్దరం పడమటి కొండల వైపు నడిచిపోయేవాళ్ళం. మా మాటలన్నీ ఆ దారిలోనే.

ఆ దారిలో, కొండ అడుగున, మామిడితోపుల మధ్య ఒక పాత బంగళా ఉండేది. తెల్లవాళ్ళ కాలంలో ఒక దొర తన భార్య కోసం కట్టించాడట. ఒక ఆదివారం దాని గేటుకు రేకుపలక కట్టి ఉంది. తోట, బంగళా అమ్మకానికి ఉన్నాయని తమిళంలో రాసి ఉంది. గేటు బయట నిలబడి మెడలు చాచి చూస్తుంటే వరండాలోంచి ఒక ముసలావిడ కేకేసింది.

"ఎవరప్పా అది? తోట చూసేదానికి వచ్చినారా?"

మా బావ తడబడి, "ఆమా అవ్వా" అని తలూపేశాడు.

ఆవిడ చెప్పులు వేసుకుని దిగి వచ్చి తోటంతా తిప్పింది. మామిడిలో ఎన్ని రకాలో, ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో చెప్పింది. సపోటాలు, పనసలు, నిమ్మ, ఉసిరి. కొండ కాలువ నుంచి నీళ్ళు వచ్చే చిన్న తూము. దారుల అంచున ఇటుకలు ఏటవాలుగా పాతి ఉన్నాయి. ఇంటి వెనక దొరసాని వేసిన గులాబీ తోటలో నాలుగైదు మొక్కలు మిగిలాయి. నేను అక్కడే నిలబడిపోయాను. ఇంట్లోకి వెళితే హాల్లో గోడకు పొయ్యిలాంటి గూడు ఉంది.

"ఇదేమి అవ్వా, హాల్లో వంట చేసేవాళ్ళా?"

"చలి కాచుకునేదానికి కట్టినాడమ్మా ఆ మహారాజు. మన ఊళ్ళో చలి! నేను ఊరగాయ జాడీలు పెట్టుకున్నా."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వుతో మా బావకు ధైర్యం వచ్చింది. "అవ్వా, తప్పుగా అనుకోవద్దు. మేము కొనేవాళ్ళము కాదు. ఊరికే చూద్దామని నిలబడినాము" అన్నాడు.

"గేటు దగ్గరే తెలిసిందిలేప్పా. కొనేవాళ్ళు ముందు బావిలోకి తొంగి చూస్తారు, తర్వాత విలై ఎంతని అడుగుతారు. నీ పెండ్లాము పూల దగ్గరే నిలబడిపోయింది. సరి, కూర్చోండి. అన్నం తిని పోదురు."

అన్నం దగ్గర ఆవిడ మా సంగతులన్నీ అడిగింది, తన సంగతులూ చెప్పింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. పిల్లలు లేరు. శ్రీవిల్లిపుత్తూరులో చెల్లెలు కూడా ఒంటరిదే, వచ్చి తనతో ఉండమని పిలుస్తోంది. తోట అమ్ముడుపోయేదాకా ఆగుదామంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. పాలు పోసుకున్న అన్నం కలుపుతూ, మామూలు మాట చెప్పినట్టే అంది:

"మీరు వచ్చి ఉంటారా? బాడుగ ఏమీ వద్దు. తోటకు నీళ్ళు పెట్టండి, వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించండి. అమ్ముడుపోయిన రోజు పోదురు."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుంటే అవ్వే మళ్ళీ అంది:

"ఒక్కటే మాట. ఉండేది ఉండేట్టు చెప్పండి. ఓటికుండను అమ్మినట్టు అమ్మేది నాకు ఇష్టం లేదు."

ఇంట్లో అత్త మొదట ముఖం ముడుచుకుంది. మామయ్యే, "చిన్నవాళ్ళు, పోయి ఉండనీ. తోట కాపలా అంటే మంచి పనేకదా" అన్నాడు. అవ్వ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది, మేము వచ్చి చేరాం. చిన్న రెండెడ్లబండిలో మా సామానంతా పట్టింది. ఆ పెద్ద హాల్లో మా చాప పరిస్తే చేతిరుమాలు పరిచినట్టు కనబడింది.

ఆ బంగళాలో మేము గట్టిగా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. మొదటివారం ఇద్దరం గుసగుసలే, అలవాటు కొద్దీ. ఒకరోజు మా బావ బావి దగ్గర స్నానం చేస్తూ వంటింట్లో ఉన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయ్యాక ఆయన గొంతులో నా పేరు అంత గట్టిగా వినడం అదే మొదలు. పప్పు పొంగిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తాను. సబ్బు కావాలట! మొదటిసారి దెబ్బలాడుకున్నది కూడా అక్కడే, ఎవరూ వచ్చి సర్దిచెప్పకుండా. మాకు మేమే రాజీ పడాల్సి వచ్చింది. అది ఎంత మేలు చేసిందో ఇప్పటికీ అనుకుంటాను.

మోట తోలే పెద్దాయన పగలు వచ్చి పోయేవాడు. మొక్కలకు పాదులు తీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కోతులు వచ్చేవి. ఎండాకాలంలో కొండ దిగి ఏనుగులు వచ్చి కొబ్బరి మొవ్వులు పీక్కుతినేవి. పామును చూడని వారం లేదు. మా పెద్దపాప పుట్టాక ఉయ్యాల వరండాలో కట్టాం. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వీచే గాలికి అది మేము ఊపకుండానే ఊగేది.

ఆ గాలికే గేటు పలక ఊడిపడేది. మా బావ ప్రతిసారీ దాన్ని తీసి, తుడిచి, కొత్త తీగతో మళ్ళీ కట్టేవాడు. ఒకసారి మా తోడికోడలు చూడ్డానికి వచ్చి అది చూసి నవ్వింది.

"ఏంటికి కడతావు మరిదీ? పడితే పడనీ. వచ్చినవాళ్ళకు పాముల మాట, ఏనుగుల మాట కొంచెం గట్టిగా చెప్పండి. పిల్ల పెద్దదయ్యేదాకా ఉండవచ్చు."

"ఆయమ్మ మమ్మల్ని నమ్మి పెట్టినారు వదినా" అని మాత్రం అన్నాడు మా బావ.

నేను పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. అక్కడినుంచి పోవాల్సిన రోజు ఒకటి ఉందని తలచుకుంటే చేతిలో పని ఆగిపోయేది. అయినా అవ్వ అన్నమాట అన్నమాటే.

చూడ్డానికి చాలామందే వచ్చారు. సేత్తూరు నుంచి వచ్చిన ఒకాయన వాకిలి దిక్కు సరిలేదని గడప తొక్కకుండానే వెళ్ళిపోయాడు. తళవాయిపురం వాళ్ళు ఏనుగు లద్దె చూసి బస్సు ఎక్కారు. ఒక ఆసామి, చెట్లన్నీ కొట్టేసి పత్తి వేస్తే ఎలా ఉంటుందని నన్నే అడిగాడు. అవ్వకు ఆ సంగతి కబురు చేస్తే, "ఆయనకు వద్దు" అని జవాబు వచ్చింది.

అరవైలలో ఒక అయిప్పసి, దీపావళి వచ్చే నెల. వాన వదలకుండా కొడుతోంది. సత్రపట్టి నుంచి భార్యాభర్తలు గుర్రబ్బండిలో వచ్చారు. నలభై దాటినవాళ్ళు. అప్పటికి హాల్లో పెంకుల సందుల్లోంచి కారుతుంటే గిన్నెలు, చెంబులు, చివరికి పాప పాలగ్లాసు కూడా పెట్టి ఉన్నాను. దాచే వీలే లేదు. మా బావ మిల్లులో ఉన్నాడు. వచ్చినాయన గొడుగు పట్టుకుని తోట చూడ్డానికి పోతే, ఆవిడ నా దగ్గర పీటమీద కూర్చుంది.

"నువ్వు ఉండే దానివికదా పాపా, నిజం చెప్పు. ఈ ఇల్లు ఎట్లా?"

చెప్పాను. వాన వస్తే ఇలాగే కారుతుందని, పెంకులు తిరగవేయాలని, కోతులకు భయపడి వడియాలు ఎండబెట్టలేమని, అంగడి దూరమని, ఏనుగులు వస్తాయని. అవన్నీ అయ్యాక మిగతావీ చెప్పాను. మధ్యాహ్నం పూట కూడా చల్లగా ఉండే మూల ఏదో, ఏ మామిడి పచ్చడికి మంచిదో, ఏది పిల్లలు తినేదో, ఉదయాన్నే మంచుదిగిన కొండ ఏ కిటికీలోంచి కనబడుతుందో. చెబుతూ చెబుతూ ఎందుకో ఏడ్చేశాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఇంత ఇష్టంగా ఉండిన ఇల్లు చెడ్డదెట్లా అవుతాది?" అంది.

వాళ్ళే కొన్నారు. నేను ఏడ్చి అమ్మిన ఇల్లు అని మా బావ తరువాత వేళాకోళం చేసేవాడు. రిజిస్ట్రేషన్‌కు వచ్చిన రోజు సత్రపట్టి ఆవిడ అవ్వతో, "వీళ్ళను ఇప్పుడే పొమ్మనవద్దు. మామిడి దిగినాక పోతారు. నాకు చెట్లు చూపించి నేర్పించేదానికి మనిషి కావాలకదా" అంది. అలా ఇంకో కాపు మేము తిన్నాం. పెంకులు తిరగవేయడంలో మా బావ వాళ్ళకు సాయం చేశాడు.

తరువాత ఊళ్ళో మిల్లుకు దగ్గరగా బాడుగ ఇల్లు చూసుకున్నాం. చిన్నదే. మా రెండో పాప అక్కడ పుట్టింది. ఆ తోట పోయిందని నేను బాధపడతానని అందరూ అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. సొంతం కానిది అన్నేళ్ళు సొంతంలా అనుభవించమని ఇచ్చినవాళ్ళున్నారు. ఎవరికి దొరుకుతుంది?

కొన్నేళ్ళకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి కబురు వచ్చింది. అవ్వ కళ్ళకు పొర కమ్మిందట, మదురైలో ఆపరేషన్ చేయించాలి, చెల్లెలికి తిరిగే ఓపిక లేదు, వేరే తోడు ఎవరూ లేరు. మా బావ మిల్లులో సెలవు పెట్టాడు. ఇద్దరం తీసుకుపోయి, తీసుకువచ్చి, మా ఇంట్లోనే ఉంచుకున్నాం. కట్టు ఉన్నన్నాళ్ళూ నేనే గంజి పట్టేదాన్ని. "నీకు శ్రమ పెడతున్నానే" అనేది. "ఊరకుండండి అవ్వా" అనేదాన్ని. ఆ మాట అనగలిగినందుకే నాకు ఎంత తృప్తో చెప్పలేను.

కట్టు విప్పి, అద్దాలు పెట్టుకున్న రోజు అవ్వ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమే, ఇంత చిక్కిపోయినావు? తింటున్నావా లేదా? పో, నీకూ పెట్టుకునిరా."

కంచం తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను.