గంపలగూడెం దాటాక వెలిగిన ఆయిల్ లైటు

ఈ రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలైన మా చెల్లి షబానాను వినగడప నుంచి తిరువూరు ఆసుపత్రికి నేనే కారులో తీసుకెళ్తున్నాను. గంపలగూడెం దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది.

భయమేసి రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేశాను. అటూ ఇటూ పత్తిచేలే, మనిషి జాడ లేదు. మా కారు చూసే మెకానిక్ ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన చెప్పినట్టే కాసేపాగి, బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూశాను.

"ఆయిల్ నిండుగానే ఉంది భాయ్. మెల్లగా వచ్చేయనా?"

"వద్దమ్మా. ఆయిలున్నా పంపు లాగకపోతే ఇంజను పట్టేస్తుంది. ఆయిల్ ప్రెజర్ కొలిచే గేజ్ పెట్టి చూస్తేగానీ ఏంటనేది చెప్పలేను."

వెనక సీట్లో షబానా పళ్లు బిగబట్టి, "పోనివ్వక్కా, నావల్ల కావట్లేదు" అంది. తాళం మీద చెయ్యి వేశాను గానీ తిప్పలేకపోయాను. దారిలో ఇంజను పట్టేస్తే చెల్లి గతేంటి?

అప్పుడే వెనక నుంచి వచ్చిన షేర్ ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. అందులోని కూలి ఆడవాళ్లు చెల్లిని చూడగానే దిగిపోయారు. ఒకావిడ మాత్రం దాని నడుము పట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చింది. చేరిన కాసేపటికే పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

సాయంత్రం ఖాదర్ భాయ్ గేజ్ పెట్టి చూస్తే ప్రెజర్ సరిగ్గానే ఉందట. లైటును వెలిగించే చిన్న స్విచ్చే పాడైందట. షబానా ఇది విని నవ్వుతోంది. నేను మాత్రం ఇంకా ఆ తాళం గురించే ఆలోచిస్తున్నాను.

నా చోట మీరుంటే తాళం తిప్పేవారా? నిజం చెప్పండి.