మోకాటి లోతు నీళ్ళలో ఎడమ కార్నర్

సూళ్లూరుపేట గ్రంథాలయంలో ఆటల పుస్తకాలన్నీ కలిపినా ఒక అర నిండేది కాదు. వాటి మధ్య అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి, అమెరికన్ ఫుట్‌బాల్ మీద. రాకెట్ కేంద్రంలో పనిచేసి బదిలీ అయి వెళ్ళిపోయినవాళ్ళెవరో ఇచ్చి ఉంటారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని చివరిదాకా చదివాను. మా కాలేజీ మొత్తంలో దాన్ని చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

అందులో ఒక కాలేజీ కుర్రాడి గురించి పెద్ద అధ్యాయం ఉంది. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి పడగొట్టడమే వాడి పని. పాయింట్లు తెచ్చేది వేరేవాళ్ళు, ఫొటోలు పడేదీ వాళ్ళవే. అయినా వాడి ఆట చూడడానికి పెద్ద జట్లవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కూర్చునేవారట. పరుగెత్తేవాడి కళ్ళు చూడొద్దు, చేతులు చూడొద్దు, నడుము చూడు, మనిషి ఎటు పోతాడో ముందుగా చెప్పేది అదేనని వాడికి నేర్పారట. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, లైబ్రేరియన్ గారు చూస్తారని భయమేసి మళ్ళీ చెరిపేశాను.

నేను మా కాలేజీ కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్‌ని. కూతకు వచ్చినవాడు లోపలికి దిగేదాకా ఆగి, వాడి చీలమండ అందుకుని కింద పడేయడం నా పని. ఆ సాయంత్రమే పుస్తకంలో పాఠం ప్రయత్నించాను. కూతకు వచ్చినవాడు చేతులు ఆడిస్తాడు, కాలు చాపినట్టు నటిస్తాడు. నేను నడుము మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఏందబ్బా, పెళ్ళిచూపులకొచ్చినట్టు వాడి నడుమే చూస్తాండావు?" అని మా కెప్టెన్ నవ్వాడు.

కొన్ని నెలలకు ఆ నవ్వు ఆగిపోయింది. రెండో ఏడాది చివరికి జిల్లాలో ఏ కాలేజీ మీద ఆడినా, ఎదుటి జట్టువాళ్ళు నా వైపు మూలకు రావడం మానేశారు. మా ఆటల మాస్టారికి అదే పెద్ద సంతోషం. చివరి ఏడాది నెల్లూరులో విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికలు పెట్టారు. మాస్టారు నన్ను పక్కకు పిలిచారు.

"దీంట్లోకి వస్తే రైల్వేలో ఆటల కోటా ఉంది. నేను మాట్లాడతాను. రాకపోతే నీ సర్టిఫికెట్టు నీదే, నీ పడవ నీదే. మళ్ళీ ఏడాదికి నువ్వు కాలేజీలో ఉండవు గదా" అన్నారు.

మాది పులికాట్ ఒడ్డున వేట మీద బతికే ఊరు. ఎంపికలు దగ్గర పడుతున్న రోజుల్లోనే పక్క ఊరివాళ్ళతో నీటి హద్దు గొడవ ముదిరింది. ఎవరి నీళ్ళు ఎక్కడిదాకానో తెలియడానికి సరస్సులో గుంజలు పాతి ఉంటాయి. వాళ్ళు వాటిలో కొన్నింటిని పీకి మా వైపుకు జరిపారు. మా ఊరి పెద్దలు కూర్చుని దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టుబాటు. గొడవ తేలేదాకా ఎవరూ ఊరు దాటకూడదు, ఇంటికొక మగవాడు గుంజల దగ్గర నిలబడాలి. తప్పితే ఆ ఇంటికి వెలి. ఆ ఇంటి పడవకు ఎవరూ చెయ్యి వెయ్యరు, ఆ ఇంటి చేపలు ఎవరూ ముట్టరు.

మా నాయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో నిలబడగలిగిన మగవాణ్ణి నేనే. మా ఊరి పెద్దను పెద్దకాపు అంటాం. నాయనను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క పూట మామా. పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి వచ్చేస్తా."

ఆయన వల అల్లుతూ తల ఎత్తలేదు. "నీకు సెలవిస్తే ఎదురింటోడు కూతురు పురుడంటాడు. ఆ పక్కోడు తిరుపతి మొక్కంటాడు. ఇంక గుంజల కాడ నేనూ, నా ముసల్దీ నిలబడాల."

మనిషి రాకపోకలను ఆపే హక్కు ఎవరికీ లేదని గ్రంథాలయంలో చదివిన సంగతి చెప్పాను.

"అట్నా. అయితే ఆ పుస్తకం తెచ్చి గుంజ కాడ నిలబెట్టు. నువ్వు పో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నా వైపు చూడనూ లేదు.

ఎంపికల రోజు తెల్లవారేసరికి మోకాటి లోతు నీళ్ళలో ఉన్నాను. కాళ్ళ కింద బురద మెల్లగా లోపలికి లాగుతోంది. అడుగు తీసి పక్కన వేస్తే అక్కడా అంతే. రైలు వెళ్ళే వేళ దాటింది. మధ్యాహ్నం నుంచి పేర్లు పిలుస్తారని మాస్టారు చెప్పి ఉన్నారు, కాబట్టి ఎండ ఎక్కేదాకా ఇంకా ఆశ ఉంది.

అప్పుడే వాళ్ళ పడవలు వచ్చాయి. అరుపులు, తిట్లు, తెడ్లతో కొట్టుకోవడం. నా ఈడువాడొకడు పడవ దూకి గుంజ పీకబోయి, మావాళ్ళు అరిచేసరికి వెనక్కి తిరిగాడు. ఎడమకు పోతున్నట్టు చెయ్యి విసిరాడు. నడుము కుడికి తిరిగింది. నీళ్ళలోకి పడుతూనే వాడి చీలమండ అందుకున్నాను. అంత శుభ్రమైన పట్టు నేను ఏ మైదానంలోనూ పట్టలేదు. మా ఊరు ఊరంతా కేక వేసింది.

మనిషి చిక్కితే అవతలి ఊరు రాజీకి రాక తప్పదు. వాణ్ణి వలల పాకలో కూర్చోబెట్టి, కాపలాగా నన్నే పెట్టారు.

వాడు చొక్కా పిండుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ఎడమ కార్నర్ గదన్నా? నాయుడుపేటలో నీ ఆట చూసినా. నీ చేతిలో పడ్డానంటే మావోళ్ళు తిట్టర్లే."

ఎంపికల సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, మా ఊళ్ళో ఎవరూ అడగలేదు కాబట్టేమో. వాడు పాక సందులోంచి బయటికి చూశాడు.

"మీవోళ్ళు లాక్కొచ్చిన మా చిన్నపడవ పాక ఎనక తూముకాడ ఉండాది. ఇద్దరం పోదాం. అవతల ఒడ్డున మా బావ బండుంది. మధ్యాహ్నంలోపల నెల్లూర్లో దింపేస్తాడు. నేనూ బయటపడతా, నువ్వూ బయటపడతావు."

అబద్ధం కాదు. ఆ పడవ ముక్కు పాక సందులోంచి నాకూ కనిపిస్తోంది. లేచి నిలబడ్డాను.

అంతలో నాయన వచ్చాడు, గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ, అన్నం గిన్నె తీసుకుని. ఇద్దరికీ రెండు ఆకులు వేశాడు. ముందు వాడికి వడ్డించి, "తిను నాయనా, నీ తప్పేం లేదు" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "పోవాలంటే పో. నేను నిలబడతా" అన్నాడు. అంటూనే గోడ వదిలి చూపించబోయి, మళ్ళీ పట్టుకున్నాడు.

నేను కూర్చుని అన్నం కలుపుకున్నాను.

పొద్దు వాలకముందే వాళ్ళ పెద్దలు వచ్చారు. గుంజలు పాత చోటికి జరిపారు. వాడు వాళ్ళ పడవ ఎక్కి, నెల్లూరు దిక్కుకు చెయ్యి చూపించి, ఇంక వేళ దాటిపోయిందన్నట్టు తల ఊపాడు. పెద్దకాపు అందరి ముందూ తన తువ్వాలు నా భుజాన వేశాడు. "ఇంకమీద హద్దు కాడ ముందు నిలబడేది వీడే. కాలేజీ చదువు ఊరికి పనికొచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ కూడా.

రాత్రి మాస్టారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "సరేలే" అన్నారు.

ఇప్పుడు పడవ నాది. ఐసు కోసం సూళ్లూరుపేట వెళ్ళినప్పుడల్లా గ్రంథాలయంలో కాసేపు కూర్చుంటాను. పెద్దకాపు పోయాడు, ఆయన కొడుకు ఆ స్థానంలో ఉన్నాడు, హద్దు గొడవలు మాత్రం పోలేదు. ఏ గొడవ వచ్చినా ఆయన పంపిన మనిషి మొదట మా ఇంటికే వస్తాడు. సంచి సర్దుకుని ఏ ఊరికైనా బయల్దేరిన రోజున కూడా వస్తాడు.

"నువ్వు లేకపోతే ఎట్టన్నా" అంటాడు.

సంచి చిలక్కొయ్యకు తగిలించి, లుంగీ పైకి కట్టుకుంటాను.